మిల్లు పండుకున్న నెలలు

మార్చి 10, 2025, సోమవారం

రెండేళ్ల నుంచి నా ప్రాణం హాయిగా ఉంది. ఈ మాట బయట అంటే దిష్టి తగులుతుంది. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

మా సేటు శివప్రసాద్ గారు ఆరేళ్ల కింద తన పత్తి మిల్లులో కొంత వాటా పనివాళ్ల కోసం ఒక ట్రస్ట్‌లో పెట్టారు. ఏటేటా ప్రతి మనిషి ఖాతాలో కొన్ని షేర్లు పడతాయి. యాభై ఎనిమిది నిండి పని మానేసిన రోజు కంపెనీయే ఆ షేర్లు తిరిగి కొని డబ్బు చేతిలో పెడుతుంది. కాకపోతే ఐదేళ్ల సర్వీస్ లెక్కకు రావాలి. అప్పుడే అవి వెస్ట్ అయినట్టు, అంటే పూర్తిగా మనవైనట్టు. రాకపోతే ఖాతాలో ఎన్ని ఉన్నా గోడ మీద బొమ్మలే.

జనగామలో ఇలాంటిది ఇంకే మిల్లులోనూ లేదని సేటు గర్వంగా చెబుతారు. ఆ గర్వం ఆయనది, చాకిరీ నాది. మొదటి నాలుగేళ్లు మిల్లు ఆఫీసులో ఆ షేర్ల లెక్కంతా నేనే చూశాను. కూరగాయల మార్కెట్లో అడిగేవాళ్లు, పెళ్లి భోజనాల్లో అడిగేవాళ్లు. పంటి డాక్టర్ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుంటే పక్క కుర్చీలో ఉన్న మా హమాలీ కూడా అడిగాడు, మేడం నా షేర్లెన్నయినయ్ అని.

తర్వాత హైదరాబాద్‌లో ఒక అడ్మినిస్ట్రేటర్ కంపెనీకి అప్పగించాం. బయటివాళ్లు. వాళ్లు ఎవరికీ మేనమామ కాదు, ఎవరి పెళ్లికీ రారు. మేం హాజరు పంపుతాం, వాళ్లు లెక్క కట్టి పంపుతారు. అడిగినవాళ్లకు హైదరాబాదోళ్లు చెప్తారని నేను చెబుతాను. ఎంత సుఖమైన మాట.

ఈ రోజు సక్రి వచ్చింది. గింజలు తీసే జిన్ను మిషన్ దగ్గర పత్తిలోంచి పొట్టు ఏరే పని ఆమెది. మహబూబాబాద్ దగ్గర తండా. సీజన్ మొదలైతే భర్త మంగీలాల్‌తో వచ్చి మిల్లు వెనక రూముల్లో ఉంటుంది. సీజన్ అయిపోగానే ఇద్దరూ ఖమ్మం వైపు మిరప తోటలకు పోతారు. ఈ నెలతో ఆమెకు యాభై ఎనిమిది. అడ్మినిస్ట్రేటర్‌కు అప్పగించాక రిటైర్ అవుతున్న మొదటి మనిషి ఆమే.

ఆ పైసలతో తండాలో గిర్ని పెడతదట. జొన్నలు, పసుపు, కారం, అన్నీ పట్టేది. ఇన్నేండ్లు మిరపకాయలు తెంపినం బిడ్డా, ఇగ పట్టిస్తం అన్నది. తోటకు పోతే పది దినాలు చేత్తో బువ్వ తినరాదట, మంటకు. చెంచాతో తింటే తిన్నట్టు ఉండదట. ఈ ఎండాకాలం పోను, ఇగ ఎన్నడూ పోను అన్నది.

పైసలు ఉగాది తర్వాత వస్తాయి అని చెప్పి పంపాను.


మార్చి 18, మంగళవారం

సక్రి లెక్క వచ్చింది. ఖాతాలో షేర్లు ఉన్నాయి. ఆమెకు దక్కేవి సున్నా.


మార్చి 18, సాయంత్రం ఐదు

మెయిల్ మళ్లీ చదివాను. చావు కబురు చల్లగా చెప్పినట్టు రాశారు. మెంబర్‌కు క్వాలిఫయింగ్ సర్వీస్ లేదట. ఒక్క ఏడాది కూడా లేదట. ఆరు సీజన్లు నా కళ్ల ముందు పనిచేసిన మనిషి. జ్వరంతో ముక్కుకు కొంగు కట్టుకుని మరీ ఏరింది, రూముకు పోవే తల్లీ అంటే పోలేదు.

పొద్దున్నే ఫోన్ చేసి వాళ్ల దుమ్ము దులుపుతాను.


మార్చి 19, బుధవారం

నా దుమ్మే దులిపారు.

అక్కడ మా ఫైల్ చూసే అమ్మాయి పేరు కల్యాణి. రెండేళ్లుగా మెయిల్ కింద పేరు తప్ప గొంతు వినలేదు. నేను గట్టిగా మాట్లాడాను. ఆమె అరవలేదు. అరవని మనుషులంటే నాకు భయం.

మాది ఏడాది పొడుగునా నడిచే మిల్లు అని వాళ్ల రికార్డులో ఉందట. ట్రస్ట్ డీడ్ ప్రకారం అలాంటి మిల్లులో ఏడాదికి రెండువందల నలభై రోజుల పని ఉంటేనే ఆ సంవత్సరం లెక్కలోకి వస్తుంది. మీ పనివాళ్లలో చాలామంది ఏటా ఏప్రిల్ నుంచి దసరా దాకా ఆబ్సెంట్ అని ఆమె చెప్పింది. ఆబ్సెంట్ కాదమ్మా, మిల్లే ఉండదు అన్నాను. మరి సీజన్ మిల్లు అని ఎవరూ చెప్పలేదు కదా మేడం అంది. డీడ్‌లో సీజన్ మిల్లుకు వేరే క్లాజ్ ఉంది. మిల్లు నడిచిన రోజుల్లో ముప్పాతిక వంతు పనికి వస్తే చాలు, ఏడాది నిండినట్టే. ఆ క్లాజ్ నాకు కంఠతా వచ్చు, నాలుగేళ్లు దాంతోనే లెక్క కట్టాను. కానీ వాళ్లకు అప్పగించినప్పుడు మొదటి ఏడాది నుంచీ మళ్లీ లెక్క కట్టారట, మేం ఇచ్చిన వివరాలను బట్టి.

ఏం వివరాలు? అప్పుడు నేను గాల్ బ్లాడర్ ఆపరేషన్ చేయించుకుని దవాఖానలో ఉన్నాను. కల్యాణి ఆ కాగితం స్కాన్ పంపింది. మిల్లు ఏయే నెలల్లో మూసి ఉంటుంది అని ప్రశ్న. దాని ఎదురుగా సేటు గారి గుండ్రటి చేతిరాత. ఎన్నడూ మూయలేదు, మూయము.

ఏటా పంపిన స్టేట్‌మెంట్లలో వెస్టెడ్ కాలమ్ సున్నాగానే ఉంది కదా, చూడలేదా అని కూడా అడిగింది. చూడలేదు. ఆ కాలమ్ స్క్రీన్ కుడి పక్కకు జరిపితేనే కనిపిస్తుంది, నేను జరపలేదు.

ఒక్క సక్రి కాదు. సీజన్ మనుషులు అరవై మంది దాకా ఉన్నారు. అందరికీ సున్నా.


మార్చి 20, గురువారం

సేటుకు స్కాన్ చూపించాను. కాగితం ఇటు తిప్పి, అటు తిప్పి చూశారు. చివరికి అన్నారు, అది రాయరాని మాట సంధ్యా, అమ్మకు తెలిస్తే ఊకోదు అని.

సంగతి నాకు సగం తెలుసు. మిగతా సగం ఇవ్వాళ తెలిసింది. సేటు తల్లి ఈశ్వరమ్మ గారి పుట్టిల్లు మహబూబాబాద్. వాళ్ల నాయినకు అక్కడ నూనె మిల్లు ఉండేదట. ఒక ఎండాకాలం ఆయన గేటు మీద సుద్దముక్కతో బంద్ అని రాశాడట. ఆ ఎండాకాలమే మంచాన పడ్డాడు. ఆ గేటు మళ్లీ తెరవలేదు. అప్పటినుంచి ఈ ఇంట్లో బంద్, మూత అనే మాటలు నిషిద్ధం. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. మిల్లు మూయరు, మిల్లు పండుకుంటుంది. పండుకున్న నెలల్లో కూడా శుక్రవారం శుక్రవారం వాచ్‌మన్ ఒక జిన్నును నిమిషంపాటు తిప్పుతాడు, ఊపిరి ఉందని చూపడానికి. కరెంటు బిల్లులో ఆ ఖర్చుకు ఖాతా హెడ్ నేనే రాస్తాను.

పెద్దావిడ నమ్మకాన్ని నేను ఎగతాళి చేయను. మా ఇంట్లోనూ ఖాళీ చాట ఎదురొస్తే కాసేపు కూర్చుంటాం. కానీ ఆ నమ్మకం ఖరీదు తండా ఆడమనిషి కడుతోంది కదా. అదే సేటుకు చెప్పాను.


మార్చి 22, శనివారం

సక్రి అడిగింది. వస్తాయి అన్నాను. అబద్ధమో కాదో నాకే తెలియదు.


మార్చి 24, సోమవారం

కల్యాణి పొద్దున రైలుకు వచ్చింది. నేను రమ్మనలేదు. మిల్లు ఒకసారి చూస్తే నోట్ రాసుకోవడానికి బాగుంటుంది అంది. ఇరవై ఎనిమిదేళ్లు ఉంటాయేమో. బ్యాక్‌ప్యాక్, స్పోర్ట్స్ షూస్. దూది ఎగురుతుంటే అందరూ ముక్కు మూసుకుంటారు, ఆమె మూసుకోలేదు.

జిన్నుల దగ్గర సక్రిని చూపించాను. కల్యాణి ఆమె పక్కన కూర్చుని లంబాడీలో ఏదో అంది. సక్రి చేతిలో పత్తి చేతిలోనే ఉండిపోయింది. తర్వాత ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఇన్నేళ్లుగా వాళ్ల మధ్య తిరుగుతూ ఒక్క ముక్క నేర్చుకోలేదు కదా అని మొదటిసారి సిగ్గేసింది.

కల్యాణిది భూపాలపల్లి జిల్లా, ఘనపూర్ పక్క తండా అట. బడి సెలవుల్లో తల్లిదండ్రుల వెంట మిరప తోటలకు పోయేదట. టీ తాగుతూ తనే చెప్పింది. నాకు గాలి ఆడినట్టయింది. ఇంకేముంది, మన మనిషే, సరిచేసేస్తుంది అనుకున్నాను. ఆ మాటే పైకి అన్నాను కూడా.

కప్పు కింద పెట్టి చెప్పింది, నేను ఏదీ మార్చలేను మేడం అని. అడ్మినిస్ట్రేటర్ లెక్క కడతాడు, అంతే. మిల్లు ఎట్లాంటిదో చెప్పాల్సింది కంపెనీ, ఒప్పుకోవాల్సింది ట్రస్టీలు. నేను జాలిపడి ఒకరికి కలిపితే రేపు ఇంకొకరు కోపంతో ఇంకొకరికి తీసేస్తారు, అప్పుడు మాకు డబ్బు ఇచ్చి పెట్టుకోవడం ఎందుకు అంది. మూసి ఉండే నెలలు రాసి, ట్రస్టీలిద్దరూ సంతకం చేసి లెటర్ ఇస్తే మూడు వారాల్లో అందరి లెక్కా మళ్లీ కడతామంది. లెటర్ ఈ ఆర్థిక సంవత్సరంలోనే కావాలి. అంటే మార్చి ముప్పై ఒకటి లోపు.

ట్రస్టీలిద్దరు ఎవరంటే, ఒకరు సేటు. రెండోవారు ఈశ్వరమ్మ గారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.


మార్చి 25, మంగళవారం

సేటు ఒక ఉపాయం కనిపెట్టారు. సక్రికి రావాల్సింది తన జేబులోంచి ఇస్తారట, లెటర్ గొడవ లేకుండా. మిగతా యాభై తొమ్మిది మంది జేబులు ఎవరు నింపుతారు అని అడిగాను. వాళ్లు రిటైర్ అయినప్పుడు చూద్దాం అన్నారు. మంచి మనిషే. చేతికి ఎముక లేదు. కానీ తల్లి ముందు నోరు లేదు.

ఇక దాచడం నా వల్ల కాలేదు. సక్రికి మొత్తం చెప్పేశాను, సున్నాతో సహా. సేటు ఇస్తానంటున్న సంగతీ చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. కొంగుకు అంటిన దూది పోగులు తీసుకుంటూ అన్నది. సేటు ఇచ్చేది సేటుది, ఇయ్యాల ఇస్తడు, రేపు చెప్పుకుంటడు. నాది నాకు కావాలె అన్నది.

మంగీలాల్ మాత్రం ఖమ్మం మేస్త్రీకి ఫోన్ చేశాడట, ఇద్దరికి పని ఉందా అని.


మార్చి 28, శుక్రవారం

ఈ పేజీ గబగబా రాస్తున్నాను. సంతోషంతోనే.

సీజన్ చివర ఆడవాళ్లంతా సేటు ఇంటికి పోతారు. ఈశ్వరమ్మ గారు ఒక్కొక్కరికి బొట్టు పెట్టి, జాకెట్ ముక్క ఇచ్చి, మళ్లీ దసరా పండుగకు రావాలె అని చెప్పి పంపుతారు. మిల్లు పెట్టినప్పటి నుంచి ఉన్న ఆచారం. జాకెట్ ముక్కల మూట పట్టుకుని పక్కన నిలబడడం నా డ్యూటీ.

సక్రి వంతు వచ్చింది. పండుగకు రావాలె అన్నారు పెద్దావిడ. ఇగ రాను అవ్వా, నాకు ఏండ్లు నిండినయ్ అన్నది సక్రి. మంచిగ తండాల కూసో, మనవలను ఆడించు అన్నారు. కూసునుడు ఏడిది, ఎల్లుండి మిరప తోటకు పోతున్న అన్నది. ఈ వయసుల తోటేంది, నీ పైసలు రాలేదా అని ఆవిడ అడిగారు.

సక్రి నా వైపు చూసింది. నేను సేటు వైపు చూశాను. సేటు గోడ మీద క్యాలెండర్ వైపు చూశారు.

అప్పుడు సక్రి కుండ బద్దలు కొట్టినట్టు చెప్పింది. మిల్లు ఎండకాలం ఉండదని రాయలేదట అవ్వా, అందుకని మేం పనికి ఎగ్గొట్టినట్టు పడ్డదట, ఆరేండ్లూ పోయినయట అన్నది. గొంతు ఎత్తలేదు.

ఈశ్వరమ్మ గారు కుంకుమ భరిణె మూతపెట్టారు. ఎందుకు రాయలేదురా అని కొడుకును అడిగారు. నీకోసమే అమ్మా, నువ్వు ఊకోవని అన్నారు సేటు. ఆవిడ ఆయన్ని చూసిన చూపుకు ఆ అరవై ఏళ్ల మనిషి అరుగు మీద చిన్నపిల్లాడిలా కూర్చున్నారు. నన్ను అడిగినవా అన్నారు ఆవిడ. ఒక్కపారన్న నన్ను అడిగినవా? నేను ఆ మాట అనొద్దన్న గాని, ఆడోళ్ల కూడు తియ్యమన్ననా?

ఎవరూ అడగలేదు, అదీ సంగతి. సేటు అడగలేదు. నేనూ అడగలేదు, ఆవిడ ఒప్పుకోరని ముందే తీర్మానించుకున్నాను. ఆవిడ పేరు చెప్పి మేమే భయపడ్డాం.

కాసేపటికి కాగితం తెమ్మన్నారు. నేను టైప్ చేసి తెస్తాను పెద్దమ్మా, మీరు సంతకం చేస్తే చాలు అన్నాను. వద్దన్నారు. ఆ మాట మీ చేతికి అంటొద్దు, మీకు పిల్లలున్నరు, పోయేదాన్ని నేను రాస్త అన్నారు. ఇవ్వాళ శుక్రవారం, రాయకూడదట. రేపు అమావాస్య. ఉగాది రాకముందే పాత సంవత్సరంలోనే రాసి పడేస్తే పీడ దాంతోనే పోతది అన్నారు. హైదరాబాద్‌వాళ్లు మార్చి ముప్పై ఒకటి అన్నారు, ఈవిడ అమావాస్య అన్నారు. ఇంత చక్కగా కలిసిన గడువులు నేను చూడలేదు.


మార్చి 29, శనివారం

రాశారు. పెద్ద పెద్ద అక్షరాలు, తెలుగులో. ఏప్రిల్ నుంచి దసరా దాకా మా మిల్లు మూసి ఉంటుంది. మొదలుపెట్టిన ఏడాది నుంచీ అంతే. మూసి అన్న చోట పెన్ను ఆగింది. కళ్లు మూసుకుని మళ్లీ కానిచ్చారు. కింద సంతకం. పక్కన సేటు సంతకం.

తర్వాత చేతులు కడుక్కుని, బెల్లం ముక్క నోట్లో వేసుకుని, నాకూ ఒకటి ఇచ్చారు. కల్యాణికి ఫొటో పంపాను. చాలు మేడం, ఒరిజినల్ కొరియర్ చేయండి అని జవాబు వచ్చింది. కింద ఇంకో లైను. ఇంత అందమైన ట్రస్టీ లెటర్ మా ఆఫీసుకు ఎప్పుడూ రాలేదట.


ఏప్రిల్ 2, బుధవారం

మిల్లు పండుకుంది.


ఏప్రిల్ 11, శుక్రవారం

వచ్చింది. కొత్త లెక్క తెరిచి స్క్రీన్ కుడి పక్కకు జరిపాను. ముందు సక్రి పేరు చూశాను. ఆరేళ్లు, పూర్తిగా వెస్టెడ్. తర్వాత మిగతా పేర్లు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూశాను. ఐదేళ్లు దాటినవాళ్లంతా దాటారు. దాటనివాళ్లు దాటే దారిలో ఉన్నారు. రెండుసార్లు చూసి టేబుల్ మీద తల పెట్టుకుని కాసేపు అలాగే ఉన్నాను. వాచ్‌మన్ వచ్చి పానం మంచిగ లేదా మేడం అని అడిగాడు. ఇంత మంచిగా ఎప్పుడూ లేదు అన్నాను.

సక్రికి ఫోన్ చేశాను. తోటలో ఉంది. చేతులు మండుతున్నయ్, ఫోన్ పట్టరాదు, మా ఆయన చెవి కాడ పెట్టిండు, జల్ది చెప్పు బిడ్డా అన్నది. చెప్పాను. నీవి నీకు వచ్చాయి అన్నాను.

ఈ మిరప సాలు అయిపోగొట్టి వస్త అన్నది.


మే 16, శుక్రవారం

వాల్యుయేషన్ అయింది, కంపెనీ షేర్లు తిరిగి కొంది, డబ్బు ఆమె ఖాతాలో పడింది. ఇందులో నేను చేసిన పని మూడు మెయిళ్లు, ఒక ఫోన్. కల్యాణి వాళ్ల కొత్త ప్రశ్నల కాగితం పంపింది, ఏటా నింపి పంపాలట. ఈసారి ప్రతి ప్రశ్ననూ సేటుకు, ఈశ్వరమ్మ గారికి చదివి వినిపించి నింపాను. పెద్దావిడకు భలే సరదాగా ఉంది. ఇంకేమన్న అడిగిండ్రా అంటున్నారు.

బయటివాళ్లకు అప్పగించామంటే మన కళ్లు కూడా అప్పగించామని కాదు. ఈ ముక్క సేటుకు చెప్పాలనుకున్నాను. ముందు నాకు చెప్పుకున్నాను.


సెప్టెంబర్ 12, శుక్రవారం

ఈశ్వరమ్మ గారికి జ్వరం. వరంగల్ దవాఖానలో చేర్చారు. మొక్కజొన్న పొత్తు తింటూ ఆ కబురు విన్నాను, ఇక సగం పొత్తు దిగలేదు. సుద్దముక్క, గేటు, వాళ్ల నాయిన. నేను ఇలాంటివి నమ్మనని చెప్పుకుంటాను. నమ్మని దాన్నే అయితే శివాలయంలో కొబ్బరికాయ ఎందుకు మొక్కుకున్నాను?


సెప్టెంబర్ 17, బుధవారం

డెంగీ కాదట, వట్టి వైరల్. ఇంటికి వచ్చారు. వస్తూనే వంటామె పెట్టిన పప్పులో ఉప్పు లేదని తిట్టారట. ఆ తిట్టు విన్నాక నాకు ఆకలి వేసింది.


అక్టోబర్ 23, గురువారం

కొత్త సీజన్‌కు మిల్లు లేపే ముహూర్తం పొద్దున తొమ్మిదిన్నరకు. సేటు స్విచ్ మీద వేలు పెట్టారు. అప్పుడే పక్కన కుర్చీలో ఉన్న ఈశ్వరమ్మ గారు తుమ్మారు.

ఒక్క తుమ్ము. సేటు వేలు గాల్లో ఉండిపోయింది. పూజారి గంట ఆపాడు. అందరి ముఖాలూ నెత్తురు లేనట్టు అయ్యాయి. ఆవిడ ముఖం కూడా.

అప్పుడు చూశాను. ఆవిడ ఒళ్లో సక్రి పంపిన పొట్లం, గిర్నిలో మొదటిసారి పట్టిన కారం. మూతి కట్టు సగం ఊడి ఉంది.

రెండో తుమ్ము వచ్చింది.

రెండు తుమ్ములు శుభం. సేటు స్విచ్ వేశారు.